లైకెన్లకు పేరు పెట్టుట

బిర్యానిలోను, కొన్ని మసాలాపొడులలోను వేయు దినుసులలో రాతిపువ్వు ఒకటి. అది ఎండి ముడుచుకొన్న ఆకుముక్కవలె నుండును. కాగిన నూనెలో పడగానే కమ్మని వాసన నిచ్చును. పేరు రాతిపువ్వే కాని అది పువ్వు కాదు. రాళ్లమీద మాత్రమే పుట్టునదియు కాదు. కొండసీమలందలి చెట్ల బెరడుపైనను పెరుగును. అది లైకెన్లు అను జీవులలో చేరినది. వాడుకలోని పేరు ఇట్లు తప్పుదారి పట్టించుచుండగా, శాస్త్రజ్ఞులు పెట్టిన పేరైనను స్థిరముగా నున్నదా యనిన, అదియును లేదు.

శాస్త్రీయనామము తెలుగువారి పేరువలెనే ఇంటిపేరుతో మొదలగును. మొదటి మాట ప్రజాతిని, అనగా దగ్గరి చుట్టములైన జాతుల కుటుంబమును తెలుపును; రెండవ మాటతో కూడినప్పుడు ఆ జాతి తెలియును. రాతిపువ్వునకు 1762లో విలియం హడ్సన్ అను ఆంగ్లేయుడు 'లైకెన్ పెర్లేటస్' అని పేరిడెను. 1803లో అది 'పార్మీలియా పెర్లేటా' అయ్యెను. 1952లో ఇంటిపేరు మరల మారి 'పార్మోట్రీమా పెర్లేటం' అయ్యెను. అంతటితో కథ ముగియలేదు. ఒకే జీవికి రెండు పేర్లున్నచో ముందుగా ప్రకటింపబడినదే చెల్లవలెనని నియమము కలదు. హడ్సన్ కంటె అయిదేండ్లు ముందు, 1757లో, ఓస్బెక్ అను స్వీడను దేశీయుడు ఈ లైకెన్‌కే 'చైనెన్సిస్' అను పేరు పెట్టియుండెనని తలంచి, 1986లో దీనిని 'పార్మోట్రీమా చైనెన్సి' అని మార్చిరి. రెండువందల ఏండ్లకు పైగా గ్రంథములలో నిలిచిన 'పెర్లేటం' అను మాట ఒక్కసారిగా తొలగిపోయెను. ఇట్టి మార్పు జరిగినప్పుడు పుస్తకములను మాత్రమే గాక, ఎండబెట్టి భద్రపరచిన నమూనాల చీటీలను గూడ సవరింపవలెను. 2004లో డేవిడ్ హాక్స్‌వర్త్ అను శాస్త్రజ్ఞుడు పరిచితమైన ఆ పేరును కాపాడవలెనని ప్రతిపాదించెను. తరువాత అట్లే నిర్ణయమై, 'పార్మోట్రీమా పెర్లేటం' తిరిగి వచ్చెను. నియమమును సడలించుటకు గూడ నియమములలోనే చోటుండుట మెచ్చదగినది.

ఇది పేర్ల తగవు మాత్రమే. దీనికంటె లోతైన తగవు మరియొకటి కలదు. అసలు లైకెన్ అనగా నేమి?

1753లో లిన్నేయస్ లోకమందలి మొక్కల నన్నిటిని వర్గీకరించినప్పుడు, తనకు తెలిసిన లైకెన్లన్నిటిని 'లైకెన్' అను ఒకే ప్రజాతిలో చేర్చెను. వృక్షలోకములో అవి నిరుపేద పల్లెవాండ్రని ఆయన భావము. ఆయన కడపటి శిష్యుడు ఎరిక్ అకారియస్ వైద్యవృత్తిలో నుండియు ఆ పేదలనే జీవితకాలము పరిశీలించెను. పైరూపమును, ఫలభాగములను బట్టి వానిని అనేక ప్రజాతులుగా విడదీసెను. నున్నని బెరడుపై నల్లని గీతలతో ఎవరో వ్రాసినట్లు కనబడు లైకెన్ ఒకటి కలదు. దానికి 'గ్రాఫిస్ స్క్రిప్టా' అను పేరు అకారియస్ వలన వచ్చినదే. ఆ రెండు మాటలలోను వ్రాతయే యున్నది.

అంతవరకు లైకెన్ ఒక మొక్క యనియే పండితులు తలంచిరి. 1867లో స్విట్జర్లాండు దేశీయుడగు సైమన్ ష్వెండెనర్ అది ఒక్క జీవి కాదని ప్రకటించెను. సూక్ష్మదర్శినితో చూడగా, శిలీంధ్రపు దారముల నడుమ ఆకుపచ్చని శైవలకణములు చిక్కుకొని యుండెను. శిలీంధ్రము ఇల్లు కట్టును. శైవలము ఎండలో ఆహారము తయారుచేయును. ష్వెండెనర్ శిలీంధ్రమును యజమానితోను, శైవలములను బానిసలతోను పోల్చెను. పారిస్ నగరమున నివసించిన విలియం నైలాండర్ అసంఖ్యాకములగు లైకెన్లకు పేర్లు పెట్టిన మహాపండితుడు. ఆయన 1899లో మరణించువరకును ఈ మాటను అంగీకరింపలేదు. మొండితన మని దానిని కొట్టివేయుట సులభము. కాని తాను పేరు పెట్టిన ప్రతి జీవియు రెండు జీవులని తేలినచో, ఆ పేరు ఎవరికి చెందును?

ఈ ప్రశ్నకు 1950లో స్టాక్‌హోం నగరమున జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ సమాధానము చెప్పెను. లైకెన్‌కు పెట్టిన పేరు అందలి శిలీంధ్రమునకే చెందును. శైవలమునకు దాని పేరు దానికి వేరుగా నుండును. ఇల్లు కట్టినవానిదే పేరు అయినది.

అయితే ఈ నియమమునకు గట్టి పరీక్ష అడవిలో ఎదురయ్యెను. ఉత్తర అమెరికా పశ్చిమభాగమున సూదులవంటి ఆకులుగల వృక్షముల కొమ్మలనుండి జడలవలె వ్రేలాడు లైకెన్లు కలవు. వానిలో ముదురు గోధుమరంగు దానిని 'బ్రయోరియా ఫ్రీమాంటి' అనిరి. అచటి ఆదివాసులు దానిని నీట నానబెట్టి, నేలలో త్రవ్విన గుంటలలో ఉడికించి తినెడివారు. పసుపువన్నె గల మరియొకదానికి 'బ్రయోరియా టార్ట్యువోసా' అని పేరు. దానిలో వల్పినిక్ ఆమ్లము అను విషము హెచ్చుగా నుండును. ఆ విషమే గల వేరొక లైకెన్‌ను ఉత్తర ఐరోపాలో పూర్వము మాంసమున కలిపి తోడేళ్లను చంపుటకు వాడిరి. కనుక ఈ రెంటికి గల భేదము అన్నమునకును విషమునకును గల భేదము.

అట్టి రెంటి జన్యుపదార్థమును పోల్చి చూడగా వాని శిలీంధ్రములలో భేదమే కనబడలేదు. నియమము ప్రకారము శిలీంధ్రము ఒక్కటైనచో పేరును ఒక్కటే. అందుచే 2009లో 'టార్ట్యువోసా' అను పేరును 'ఫ్రీమాంటి'లో కలిపివేసిరి. శైవలము గూడ రెంటిలో ఒక్కటే. మరి విషము హెచ్చుతగ్గులగుట ఎట్లు? 2016లో టోబీ స్ప్రిబిల్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కూడి, ఈ లైకెన్ల పైపొరలో మూడవ జీవిని, ఈస్టు రూపమున నున్న వేరొక శిలీంధ్రమును కనుగొనెను. పసుపువన్నె దానిలో అది ఎక్కువగా నుండెను. విషమునకు అదియే కారణమని మాత్రము ఋజువు కాలేదు. 2019లో మరికొందరు అనేక జాతుల లైకెన్లలో వెదకగా, అట్టి ఈస్టు కొలదిజాతులలోనే కనబడెను. అది ఆ యింటిలో భాగస్వామియా, వచ్చి పోవు అతిథియా యను చర్చ ముగియలేదు.

పూర్వము ఆదివాసులు ఈ జడలను ఏరునప్పుడు రంగును, రుచిని చూచి పసుపువన్నె వానిని విడిచిపెట్టెడివారు. గ్రంథములలో ఆ రెంటికి నేడు 'బ్రయోరియా ఫ్రీమాంటి' అను ఒకే పేరు.