నీటిపై నడచు పురుగులు – పైరుకు నేస్తములు

విడవలూరు ప్రాంతపు పంటకాలువలలో, వరిమడులలో నీటిపై పరుగిడు సన్నని పురుగులను మనము నిత్యము చూచుచున్నాము. వాని కాళ్ళపై తడియంటని సూక్ష్మరోమములు గలవు. నీటి పైపొర బిగువు వానిని మోయును. తల్లి నీటిమొక్కల కాడలపై గ్రుడ్లు పెట్టును. పిల్ల సాధారణముగా 5 మారులు కుబుసము విడిచి పెద్దదగును. నీటబడిన చిన్న పురుగుల రసమును పీల్చుటయే వీని జీవనము.

వీని చుట్టమగు మైక్రోవీలియా యను చిరుపురుగు, వరి దుబ్బులనుండి జారిపడు సుడిదోమ పిల్లలను వేటాడును. అనవసరముగా మందు చల్లినచో ఈ నేస్తములు చచ్చి, సుడిదోమ పెచ్చు పెరుగవచ్చును. చమురు, సబ్బునీరు కలిసినచో పైపొర బిగువు సడలి, ఇవి మునిగిపోవును.

కావున ఇంజన్ల చమురు, స్ప్రేయర్లు కడిగిన నీరు కాలువలలో కలియకుండ పంచాయతీ సభ్యులు కట్టడి చేయవలెను. మందు చల్లుటకు ముందు దుబ్బుల మొదళ్ళను పరిశీలింపుడని రైతులకు నచ్చజెప్పవలెనని మా మనవి.