కొలువు విడుచుట – శరణాగతి ధర్మము

గృహస్థునకు జీవనోపాధి కేవలము ధనార్జన మార్గము కాదు. పెరుమాళ్ళకు ఆరగింపు చేయు అన్నము, ఇంటికి వచ్చిన అతిథికి పెట్టు పట్టెడు మెతుకులు, వృద్ధులగు తల్లిదండ్రుల మందులు, బిడ్డల చదువు – ఇవన్నియు ఆ ఉపాధిమీదనే ఆధారపడి యున్నవి. కావున “మరియొక కొలువు చేతికి రాకమునుపే ఉన్న కొలువును విడువవచ్చునా?” అను ప్రశ్న పైకి లౌకికముగ కనుపించినను, దాని వేరు ధర్మమునందే యున్నది.

ఇటీవల అలిపిరినుండి కాలినడకన కొండ ఎక్కుచుండగా ఒక గృహస్థుడు తోడయ్యెను. సుమారు 3,550 మెట్ల దారి యది. ఆతని భార్య మెట్టు మెట్టునకు పసుపు కుంకుమ పెట్టుచు చాల వెనుకగా వచ్చుచుండెను. మాటల నడుమ ఆతడు తన మనసులోని బరువును దించెను. పదునొకండు సంవత్సరములుగా ఒక సంస్థలో లెక్కలు వ్రాయుచున్నాడు. కొనని సరకును కొన్నట్లు బిల్లులు సిద్ధపరచి సంతకము చేయుమని కొన్ని నెలలుగా యజమాని ఒత్తిడి చేయుచున్నాడు. రెండు పర్యాయములు చేసెను. అది మొదలు నిద్ర లేదు.

“అయ్యా, రాజీనామా వ్రాసి జేబులో పెట్టుకొని వచ్చినాను. దీనిని హుండీలో వేసి, ఊరు చేరగానే కొలువు మానివేయుదును. వేరు ఉద్యోగము చూచుకొనలేదు. స్వామి చూచుకొనడా?” అని ఆతడడిగెను.

వెంటనే ఔననుటకు గాని, కాదనుటకు గాని నాకు నోరు రాలేదు. ఔనన్నచో విశ్వాసము పేరిట ఒక కుటుంబమును ఆకలికి అప్పగించినట్లగును. కాదన్నచో జాగ్రత్త పేరిట ఒక మనుష్యుని అసత్యమునకు అప్పగించినట్లగును. ఈ రెంటి నడుమ మన పెద్దలు చూపిన మార్గమేది? ఆనాడు నడుచుచు చెప్పికొన్న మాటలనే ఇచట కొంత విపులముగ విన్నవించుచున్నాను.

విడువజూచినవాడు, విడిచినవాడు

తాను చేయవలసిన పనిని విడిచిపోవలెనని తలచినవారిలో అర్జునుడు ప్రసిద్ధుడు. గురుజనులను చంపుటకంటె భిక్షమెత్తి బ్రతుకుట మేలని ఆతడు గీత రెండవ అధ్యాయమున పలికెను. వినుటకు అది వైరాగ్యమువలె నున్నది. కాని భగవానుడు దానిని అంగీకరింపలేదు. పదునెనిమిదవ అధ్యాయమున ఆయన త్యాగమును మూడు విధములుగ విభజించి చెప్పెను. విహిత కర్మమును మోహముచేత విడుచుట తామస త్యాగము. శరీరమునకు కష్టమని భయపడి విడుచుట రాజస త్యాగము. దానివలన త్యాగఫలము లభింపదు. కర్తవ్యమని కర్మమును చేయుచు ఫలమును, సంగమును విడుచుట సాత్త్విక త్యాగము. నిప్పును పొగ కప్పినట్లు సర్వకర్మములను ఏదో యొక దోషము కప్పియుండునని కూడ ఆ అధ్యాయముననే కలదు. దోషము లేని కొలువు కొరకు వెదకువాడు ఏ కొలువునను నిలువలేడని దీని తాత్పర్యము.

ఇక విభీషణుడు. ఆతడు లంకను విడిచెను; శ్రీరాముడు ఆతనిని స్వీకరించెను. అర్జునుడు విడువజూడగా వారించిన భగవానుడు, విభీషణుడు విడిచిరాగా ఏల ఆదరించెను? మన ప్రశ్నకు సమాధానము ఈ భేదమునందే యున్నది.

అర్జునుని ముందున్నది ధర్మమైన కార్యము. దాని కష్టము చూచి ఆతని మనసు కలతపడెను. విభీషణుని ముందున్నది అధర్మమైన కార్యము. దానిలో భాగస్వామి కాజాలక ఆతడు లేచెను. కావున కొలువు విడువదలచినవాడు మొదట తన్ను తానే అడుగవలెను: “నన్ను బాధించుచున్నది పనిలోని కష్టమా? పనిలోని పాపమా?” పై అధికారి పరుష వాక్యములు, చాలని జీతము, తోటివారి అసూయ, దూర ప్రయాణము – ఇవి కష్టములు. వీనికై మరియొక కొలువు వెదకుకొనుట తప్పుకాదు. కాని అది దొరకువరకు ఓర్చుట గృహస్థునకు శ్రేయస్కరము. కష్టమును పాపమని పేరు మార్చి విడుచుట ఆత్మవంచన. పాపమును కష్టమని పేరు మార్చి సహించుట అంతకంటె పెద్ద ఆత్మవంచన.

విభీషణుడు ఎట్లు విడిచెను?

విభీషణుడు ఒక్క దినమున కోపించి లేచిపోయినవాడు కాడు. సీతాదేవిని తిరిగి అప్పగింపుమని ఆతడు అన్నను బ్రతిమాలిన సంగతిని, విభీషణుని కుమార్తెవలన వినినదిగా, అశోకవనమున ఆ తల్లియే హనుమంతునితో చెప్పెను. హనుమంతుని వధింపుమని రావణుడు ఆజ్ఞాపించినపుడు దూతను చంపరాదని సభలో అడ్డుపడినవాడును విభీషణుడే. ఆ పిమ్మట అంతఃపురమునను, నిండు సభలోను మరల మరల హితము చెప్పెను. ఇంద్రజిత్తు అవమానించెను, రావణుడు కుల పాంసనుడవని నిందించెను. అపుడు గాని ఆతడు నలుగురు సహచరులతో ఆకాశమునకు లేవలేదు. అనగా స్థానమునందుండి చేయవలసిన ధర్మమునంతటిని చేసి, ఇక చేయుటకేమియు లేనపుడు ఆతడు స్థానమును విడిచెను.

రావణునకు సత్యము చెప్పినవారు మరి ఇరువురు గలరు. మారీచుడు మొదట ఎంతయో హితము చెప్పి, చివరకు ప్రాణభయముచేత మాయలేడి యయ్యెను. కుంభకర్ణుడు అన్న చేసినది తప్పని పలికియు యుద్ధమునకే వెడలెను. తప్పని తెలిసియు చేతినందించినవారి గతి యది. ముగ్గురును ఒకే మాట చెప్పిరి; చేయి వెనుకకు తీసికొన్నవాడు ఒక్కడే.

విభీషణుడు సముద్రపు ఉత్తర తీరమును చేరినపుడు ఆతని చేతిలో ఏ అభయపత్రమును లేదు. సుగ్రీవుడు ఆతనిని శంకించెను. వానర ప్రముఖులు తలకొక విధముగ పలికిరి. రాముడు అభయమిచ్చువరకు ఆతడు ఆకాశముననే నిలిచియుండెను. ఆకాశమున నిలుచుట యనగా పాత నేల లేదు, కొత్త నేల దొరకలేదు. ఆ మధ్యకాలపు వేదన ఆతనికిని తప్పలేదని విడువదలచినవారు గుర్తుంచుకొనవలెను.

మరియొక మాట. తాను భార్యాపుత్రులను విడిచి వచ్చితినని విభీషణుడే చెప్పుకొనెను. గృహస్థు డిచట ఆగి ఆలోచింపవలెను. విభీషణుడు రాజసోదరుడు; ఆతని కుటుంబము నెల జీతముమీద బ్రతుకునది కాదు. మన ఇండ్లలో కొలువు విడుచునది ఒక్కడు. ఆ ఆకాశమున నిలుచునది ఇంటిల్లిపాది. వారి అనుమతి లేక వారిని అచట నిలువబెట్టుటకు మనకు హక్కు లేదు.

యోగక్షేమమనగా నేమి?

“అనన్యముగ చింతించువారి యోగక్షేమములను నేనే వహింతునని గీత తొమ్మిదవ అధ్యాయమున స్వామి చెప్పలేదా?” అని ఆ గృహస్థుడు అడిగెను. చెప్పెను. లేనిది లభించుట యోగమనియు, ఉన్నది నిలుచుట క్షేమమనియు సామాన్యముగ అర్థము చెప్పుదురు. కాని భగవద్రామానుజులు తమ గీతాభాష్యమున యోగమనగా తన్ను పొందుట యనియు, క్షేమమనగా మరల సంసారమునకు తిరిగిరాకుండుట యనియు వివరించిరి. స్వామి కరుణ మన కూటికి గుడ్డకు ప్రసరింపదని దీని భావము కాదు. అయినను ఆ వాక్యమును మరుసటి నెల జీతమునకు హామీపత్రముగ చేతపట్టుకొని రాజీనామా వ్రాయుట ఆచార్య హృదయమునకు అనుకూలము కాదు. అది శరణాగతి కాదు, స్వామిని పరీక్షించుట.

శరణాగతికి పెద్దలు ఆరు అంగములు చెప్పిరి. అందు మొదటిది అనుకూలమైనదానిని చేయు సంకల్పము. రెండవది ప్రతికూలమైనదానిని వర్జించుట. ఆ పిదపనే కాపాడునను మహావిశ్వాసము, రక్షకుడవు కమ్మని వరించుట, ఆత్మ నర్పించుట, తన యశక్తతను ఒప్పుకొనుట. ప్రతికూలమైన దానిని, అనగా అసత్యపు సంతకమును, విడుచుట మన వంతు. ఆ పని చేసి, మిగిలిన భారమును ఆయన పాదములచెంత పెట్టుట శరణాగతి.

రామానుజుల నీటికుండ

మధ్యకాలమున ఎట్లుండవలెనో రామానుజుల చరిత్రమే చూపుచున్నది. 1017లో శ్రీపెరుంబుదూరున అవతరించిన ఆ మహనీయులు కాంచీ ప్రాంతమున యాదవప్రకాశుల యొద్ద చదువుచుండిరి. శ్రుతివాక్యముల అర్థమున భేదము పొడసూపెను. అది ద్వేషముగ మారి, కాశీయాత్ర నెపమున ప్రాణాపాయము వరకు వచ్చెనని గురుపరంపరా గ్రంథములు చెప్పుచున్నవి. కడకు ఆ విద్యాస్థానమును వారు విడిచిరి. అప్పటికి మరియొక గురువు నిశ్చయము కాలేదు. అపుడు తిరుక్కచ్చినంబి మాటను శిరసావహించి, ప్రతిదినము ఒక బావినుండి వరదరాజస్వామి కైంకర్యమునకు నీటికుండ మోసికొని వచ్చుచుండిరి. పెరియనంబి యొద్ద మధురాంతకమున సమాశ్రయణము లభించినది తరువాతి మాట.

అంతటి మేధావి ఆ నడిమి దినములను విచారముతో గడుపలేదు. చిన్నదను భావము లేక దొరికిన సేవను చేసిరి. కొలువు లేని కాలమున చిన్న పనిని చులకనగ చూడక, దినచర్యను చెడనీయక, నీటికుండను మోసినవానికి మార్గము తెరుచుకొనునని ఈ చరిత్ర బోధించుచున్నది.

లెక్క చూచుటయు ధర్మమే

లెక్క చూచుకొనుట అవిశ్వాసము కాదు. నెలకు ఇంటి ఖర్చెంత, చేతనున్నది ఎన్ని నెలలకు వచ్చును, వడ్డీ కట్టవలసిన అప్పేమి, బడి రుసుము ఏ నెలలో వచ్చును – ఇవి కాగితముమీద వ్రాసికొనవలెను. ఆరు నెలల ఖర్చు దాచియున్నవాడు కొంత ధైర్యముగ మాటలాడగలడు. భవిష్యనిధి ఎంత యున్నదో, నోటీసు గడువెంతో విచారింపవలెను. స్థిర ఉద్యోగికి గ్రాట్యుటీ రావలెనన్న సాధారణముగ 5 సంవత్సరముల నిరంతర సేవ కావలెను. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకము క్రింద నెలవారీ పింఛనుకు 10 సంవత్సరముల సేవ కావలెను. కొద్ది నెలలలో ఆ గడువు నిండనున్నపుడు తొందరపడి విడుచుట బిడ్డల సొమ్మును పారవేయుటయే. సంస్థ కట్టుచున్న ఆరోగ్య బీమా కొలువుతో ముగియుననియు మరువరాదు. ప్రభుత్వోద్యోగి రాజీనామా చేసినచో సాధారణముగ వెనుకటి సేవ పింఛను లెక్కకు రాకపోవును. అనుమతితో మరియొక ప్రభుత్వోద్యోగమునకు పోవుట వేరు, నియమిత సేవ నిండిన పిదప స్వచ్ఛందముగ విరమించుట వేరు. తెలిసినవారిని అడుగక సంతకము చేయరాదు.

ఇన్ని చెప్పిన పిదప ఆ గృహస్థునితో నేనన్నది ఇది: “నాయనా, పాపమును విడుచుటకు నేటి కంటె మంచి దినము లేదు. కొలువును విడుచుటకు లెక్క చూచుకొని దినము పెట్టుకొనవచ్చును. ఆ బిల్లులపై ఇక సంతకము చేయనని వినయముగ, వ్రాతపూర్వకముగ చెప్పుము. చేసిన రెంటికి న్యాయము తెలిసినవారి సలహా గైకొనుము, దాచకుము. వెంటనే వేరు పని వెదకుట ప్రారంభింపుము. సంతకము చేయనందుకు వారే తొలగించినచో, ఆకాశమున నిలిచినవానికి రాముడే దిక్కు. సంతకము చేయక ఆ ఇంట ఒక్క దినమైనను నిలువలేని స్థితి వచ్చినను, ప్రాణమునకో మానమునకో హాని కలుగునట్లున్నను, అపుడు లెక్క చూడకుము, లేచి రమ్ము. ఇంతకు ఈ సంగతి నీ ఇల్లాలికి తెలియునా?”

ఆతడు తల వంచుకొనెను. తెలియదు.

మోకాలిమెట్టు దగ్గర ఆగితిమి. కొంత సేపటికి ఆమె చేరుకొనెను. చేతులకు పసుపు, నుదుట చెమట. ఆతడు జేబులోని కాగితము తీసి ఆమె చేతికిచ్చెను. ఆమె ఆసాంతము చదివి, మెట్టుమీద కూర్చుండి, కొంతసేపు మౌనముగ నుండెను.

“ఏమండీ, ఈ ఆరునెలలు మీకు ఒంట్లో బాగుండలేదేమో అనుకొన్నాను. అబద్ధపు సంతకముతో వచ్చు అన్నము నా బిడ్డలకు వద్దు. కాని జూన్ నెలలో ఇద్దరికి ఫీజు కట్టవలెను. కూర్చుండి లెక్క చూతము” అని ఆమె పలికెను.

ఆ కాగితము హుండీకి చేరలేదు. ఆమె దానిని మడిచి పసుపు కుంకుమల సంచిలో పెట్టెను. ఇరువురును కలిసి మిగిలిన మెట్లు ఎక్కిరి. ఆమె పెట్టుచున్న బొట్టునకు ఆతడు కుంకుమ భరిణ పట్టుకొనెను.

విడువవలసినదానిని విడుచు ధైర్యమును, నిలువవలసినచోట నిలుచు ఓర్పును, ఈ రెంటిని వేరుచేసి తెలిసికొను వివేకమును శ్రీనివాసుడు గృహస్థులెల్లరకును ప్రసాదించుగాక.