విశాఖ పోయే అల్లునికి

సిరిసిల్ల



ఈ సెలవులో పిల్లలను విశాఖ తీసుకుపోయి నేవీ విమానం చూపిస్తావని అక్క ఫోన్‌లో చెప్పింది. మంచి పని. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలకు విమానం అంటే బాపును దుబాయ్‌కో మస్కట్‌కో తీసుకుపోయేది. శంషాబాద్‌లో తలుపు దాకా పోయి, ఏడ్చి వెనక్కి వచ్చినవాళ్లే ఎక్కువ. నీ పిల్లలూ అంతే. ఒక్కసారి బాపు పక్కనుండగా విమానం ఎక్కనీ, అది ఎగరకపోయినా సరే. హైదరాబాద్ పక్కన దుండిగల్ ఉంది కదా అంటావేమో. అది పైలట్లకు శిక్షణ ఇచ్చే అకాడమీ, టికెట్ కొని తిరిగే చోటు కాదు.

విశాఖ బీచ్ రోడ్డులో ఉన్నది టీయూ-142. సోవియట్ తయారీ. 1988లో మన నౌకాదళంలో చేరింది, 2017 మార్చిలో రిటైరైంది. తమిళనాడులోని అరక్కోణం నుంచి విశాఖకు తనంతట తానే ఎగిరి వచ్చింది. తర్వాత దాన్ని విప్పి, బీచ్ దగ్గర మళ్లీ బిగించారు. ఆ డిసెంబర్‌లోనే అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని మ్యూజియంగా ప్రారంభించారు. పొడవు యాభై మీటర్లు దాటుతుంది. నాలుగు ఇంజిన్లు, ఒక్కో ఇంజిన్‌కు రెండు ప్రొపెల్లర్లు. ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరుగుతుంది. పెద్దోడు అడిగేదాకా ఆ సంగతి చెప్పకు.

అయితే నేరుగా విమానం దగ్గరికి పోకండి. రోడ్డు అవతల ఇసుక మీద కురుసుర జలాంతర్గామి ఉంది. 1969లో నేవీలో చేరి, 1971 యుద్ధం చూసి, 2001లో పని మానేసింది. 2002 నుంచి మ్యూజియం. ముందు అది చూడండి. లోపల గదికీ గదికీ మధ్య గుండ్రటి తలుపులు, నడుం వంచి కాలెత్తి దాటాలి. అక్క మోకాళ్లకు అది పడదు. బలవంతం చేయకుండా బయట కూర్చోబెట్టు. నీళ్ల కింద బ్యాటరీల మీద నడిచేటప్పుడు దాని చప్పుడు చాలా తక్కువ. ఇంత ఇనుము మునిగిపోతే పైనున్నవాళ్లకు ఎట్లా తెలుస్తుంది? ఈ ప్రశ్న పిల్లల మనసులో పడ్డాకే రోడ్డు దాటించు. అట్లాంటి జలాంతర్గాములను వెతకడమే టీయూ-142 పని.

విమానం మ్యూజియంలో గొట్టాల్లా కనిపించే సోనోబాయ్‌ల దగ్గర కాసేపు ఆగండి. జనం వాటిని చూడకుండా సెల్ఫీలకు పరిగెత్తుతారు. విమానం వాటిని సముద్రంలోకి జారవిడుస్తుంది. పై భాగం నీటి మీద తేలుతుంది, మైకు తీగతో లోపలికి దిగుతుంది, విన్నదంతా రేడియోలో విమానానికి చేరుతుంది. పైన కూర్చున్నవాళ్లు గంటల తరబడి ఆ చప్పుళ్లు వింటూ ఏది ఓడో, ఏది జలాంతర్గామో తేల్చాలి. నేత షెడ్డు నిండా సాంచాలు మోగుతుంటే ఒక్కదాని చప్పుడు మారగానే మన కార్మికుడు అటు తల తిప్పడూ, అదే చెవి కావాలి. చిన్నోడు ఆ షెడ్డులో రెండు చెవులూ మూసుకున్నాడు కాబట్టి వాడికి ఇట్లా చెప్తే తొందరగా ఎక్కుతుంది.

సినిమాలు చూసే పిల్లలు కదా, ఈ విమానం ఎంతమందిని చంపిందని తప్పకుండా అడుగుతారు. గొప్పలు చెప్పకు. ఇది ఎక్కువ కాలం చేసింది కాపలా. 29 ఏళ్లు ప్రమాదం లేకుండా ఎగిరిందని నేవీ లెక్క. నడిపినవాళ్లకు ఎంత పేరు రావాలో, కింద నట్లు బిగించి, ఆయిల్ చూసి, ఎగరొచ్చని సంతకం పెట్టిన మెకానిక్‌లకూ అంతే రావాలి. నువ్వూ దుబాయ్‌లో ఏసీ మెకానిక్‌వే. ఇంజిన్ దగ్గర నిలబెట్టి ఆ మాట నువ్వే చెప్పు. బాపు అక్కడ ఏం పని చేస్తాడో ఆ పిల్లలకు ఇప్పటికీ సరిగా తెలియదు. వీడియో కాల్‌లో తిన్నారా, చదివారా అనే మాటలే కదా నడిచేది.

సోమవారం మాత్రం పెట్టుకోకు, మ్యూజియాలకు సెలవు. మిగతా రోజుల్లో ఎన్నింటికి తెరుస్తారో ముందే కనుక్కో. కాజీపేటలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో ఉంటారు. దసరా సెలవుల్లో ఆ బండిలో కాలు పెట్టే సందు ఉండదు. టికెట్లు ఈ వారమే చేయించు, అక్కకు కింది బెర్తు అడుగు.

మీ మామ