సగం మాట – పూర్తి మాట

ఒక పొరుగింటామె వచ్చి అడిగింది.

"ఏమమ్మా, మీ కొత్త కోడలు ఎట్లా ఉంది?"

"కోడలి సంగతి ఏం చెప్పను! బంగారం లాంటి పిల్ల. పొలం పనంతా తనే చూసుకుంటుంది" అన్నది అత్త.

"మరి వంట వచ్చా?"

"వంట అంతగా రాదు. నేర్చుకుంటుందిలే."

పొరుగింటామె నలుగురిలో కూర్చుని ఇలా చెప్పింది. "ఆ అత్త ఏమందో తెలుసా? కోడలి సంగతి ఏం చెప్పను, వంట అంతగా రాదు అంది!"

ప్రతి మాటా అత్త అన్నదే. ఒక్క మాట కూడా కొత్తగా కలపలేదు. కానీ మధ్యలో మాటలు తీసేసింది. తను అడిగిన ప్రశ్న తీసేసింది. మంచి మాట చాడీ అయిపోయింది.

ఇంటి దగ్గర ఇలా జరిగితే అత్తాకోడళ్ళకు గొడవ. టీవీలో జరిగితే? అమెరికాలో 2012లో అలాగే జరిగింది. ఆ సంగతి చదువుదాం.

ఏం జరిగింది?

అమెరికాలో ఫ్లోరిడా అనే రాష్ట్రం ఉంది. అందులో శాన్‌ఫర్డ్ అనే ఊరు. 2012 ఫిబ్రవరి 26. సాయంత్రం వాన పడుతోంది. ట్రేవాన్ మార్టిన్ అనే పిల్లవాడు అంగడికి వెళ్ళి వస్తున్నాడు. వయసు 17 ఏళ్ళు. నల్లజాతి పిల్లవాడు. స్వెటర్‌కున్న టోపీ తలమీదికి లాక్కున్నాడు. దగ్గర మిఠాయి పొట్లం, కూల్‌డ్రింకు ఉన్నాయి. ఆయుధం ఏదీ లేదు. తండ్రితో కలిసి ఆ కాలనీకి చుట్టపుచూపుగా వచ్చాడు.

ఆ కాలనీలో అంతకుముందు దొంగతనాలు జరిగాయి. అందుకని కాలనీవాళ్ళు కాపలా పెట్టుకున్నారు. ఆ కాపలా చూసేవాడు జార్జ్ జిమ్మర్‌మన్. వయసు 28. ట్రేవాన్‌ను చూసి అనుమానపడ్డాడు. పోలీసులకు ఫోన్ చేశాడు. "అతని వెంట వెళ్తున్నారా?" అని పోలీసుల ఫోన్ తీసినవాళ్ళు అడిగారు. "అవును" అన్నాడు. "ఆ పని మీరు చేయనక్కరలేదు" అని వాళ్ళు చెప్పారు.

కాసేపటికే ఇద్దరికీ పెనుగులాట జరిగింది. జిమ్మర్‌మన్ తుపాకి పేల్చాడు. ట్రేవాన్ అక్కడే చనిపోయాడు.

"వాడే నన్ను కొట్టాడు. నా ప్రాణం కాపాడుకోవడానికి కాల్చాను" అని జిమ్మర్‌మన్ అన్నాడు. తన మాట చెప్పడానికి ట్రేవాన్ లేడు. పోలీసులు అప్పుడు అరెస్టు చేయలేదు.

వార్తలు చేసిన మేలు

మొదట ఇది ఒక ఊరి వార్త. ట్రేవాన్ తల్లిదండ్రులు ఊరుకోలేదు. "మా బిడ్డను చంపినవాడిని ఎందుకు పట్టుకోలేదు?" అని అడిగారు. మార్చి నెలలో దేశమంతా పేపర్లు, టీవీలు ఈ సంగతి చెప్పాయి. జనం ఊరేగింపులు తీశారు. ఏప్రిల్ 11న జిమ్మర్‌మన్ మీద హత్య కేసు పెట్టారు. అప్పటికి నెలన్నర గడిచింది.

దిక్కులేనివాళ్ళ గొంతు పదిమందికి వినిపించడం వార్తల పని. ఆ పని అక్కడ జరిగింది.

వార్తలు చేసిన కీడు

ఎన్‌బీసీ అనే పెద్ద టీవీ సంస్థ ఆ ఫోన్ మాటలు వినిపించింది. అందులో జిమ్మర్‌మన్ ఇలా అన్నట్టు ఉంది. "ఇతని వాలకం బాగాలేదు. నల్లవాడిలా ఉన్నాడు."

విన్నవాళ్ళు ఏమనుకుంటారు? నల్లవాడు కాబట్టే అనుమానపడ్డాడు అనుకుంటారు. తన నోటితోనే ఒప్పుకున్నాడు అనుకుంటారు.

అసలు ఫోన్‌లో ఉన్నది ఇది. ముందు "ఇతని వాలకం బాగాలేదు" అన్నాడు. మత్తుమందు తీసుకున్నాడేమో అన్నాడు. వానలో ఊరికే తిరుగుతున్నాడు అన్నాడు. అప్పుడు అవతలివాళ్ళు అడిగారు, అతను నల్లవాడా, తెల్లవాడా, మరొకడా అని. అడిగినందుకు "నల్లవాడిలా ఉన్నాడు" అని జవాబు చెప్పాడు.

టీవీవాళ్ళు మధ్య మాటలు కోసేశారు. ప్రశ్న తీసేశారు. పొరుగింటామె చేసిన పనే ఇది. తర్వాత ఆ సంస్థ తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పింది.

ఇంకో టీవీ పోలీస్ స్టేషన్ వీడియో చూపించింది. జిమ్మర్‌మన్ మీద దెబ్బలేమీ కనిపించడం లేదని చెప్పింది. కొన్ని రోజులకు అదే వీడియోను ఇంకా స్పష్టంగా చూపింది. అందులో తల వెనక గాయపు గుర్తులు కనిపించాయి.

ఫొటోలూ అంతే. ట్రేవాన్ ఇంకా చిన్నగా ఉన్నప్పటి ఫొటో చూపేవాళ్ళు. జిమ్మర్‌మన్‌ది ఏడేళ్ళ కిందట పోలీసులు తీసిన ఫొటో చూపేవాళ్ళు. చూడగానే ఒకడు పసివాడు, ఒకడు దొంగ అనిపిస్తుంది. ఇంకోపక్క, వేరే పిల్లవాడి ఫొటో పెట్టి ఇదే ట్రేవాన్ అని కొందరు ఇంటర్నెట్‌లో తిప్పారు. చనిపోయిన పిల్లవాడు రౌడీ అని నమ్మించాలని చూశారు.

జిమ్మర్‌మన్ ఇల్లు ఇదేనని ఒక సినిమా దర్శకుడు తప్పు అడ్రసు పదిమందికీ పంపాడు. ఆ ఇంట్లో ఉన్నది ఈ గొడవతో సంబంధం లేని ముసలి దంపతులు. భయపడి ఇల్లు వదిలి వెళ్ళారు. దర్శకుడు తర్వాత క్షమాపణ చెప్పాడు.

నష్టం ఎవరికి?

సగం మాట వల్ల జిమ్మర్‌మన్‌కు అన్యాయం జరిగింది. అది నిజమే. ట్రేవాన్ కుటుంబానికీ నష్టమే. ఆ పిల్లవాడి వెంట ఎందుకు వెళ్ళాడు? నెలన్నర దాకా ఎందుకు అరెస్టు చేయలేదు? ఇవి నిలబడే ప్రశ్నలు. వీటికి కోసిన మాటలతో సాయం అక్కరలేదు. కోత బయటపడ్డాక "అంతా అబద్ధమే" అనడానికి కొందరికి వీలు దొరికింది. మంచి ఉద్దేశంతో చెప్పినా అబద్ధం న్యాయాన్ని బలహీనం చేస్తుంది.

తీర్పు

2013లో కోర్టులో విచారణ జరిగింది. అక్కడ తీర్పు చెప్పడానికి మామూలు జనంలోంచి కొందరిని ఎంచుకుంటారు. వాళ్ళను జ్యూరీ అంటారు. ఈ కేసులో ఆరుగురు. ఆరుగురూ ఆడవాళ్ళే. కేసు నడిచినన్నాళ్ళూ వాళ్ళను హోటల్లో ఉంచారు. ఆ కేసు వార్తలు చూడనివ్వలేదు. ఎందుకు? టీవీలో విన్న సగం మాట మనసులో పడకూడదని. ఇరుపక్షాల మాటా పూర్తిగా వినాలని.

జూలై 13న జ్యూరీ తీర్పు చెప్పింది. జిమ్మర్‌మన్ నేరస్థుడు కాదని విడిచిపెట్టారు. ఇది అన్యాయమని ఎందరో బాధపడ్డారు. మళ్ళీ ఊరేగింపులు తీశారు. ఇది సరైనదే అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు.

మనం ఎలా చదవాలి?

మీకిప్పుడు చదువు వచ్చింది. పేపరు చేతికి తీసుకుంటున్నారు. పేపర్లో అచ్చయిందని నమ్మేయకండి. పేపర్లంటేనే అబద్ధమని పారేయకండి. ఈ నాలుగు ప్రశ్నలు వేయండి.

1. ఈ మాట ఎవరన్నారు? ఏ ప్రశ్నకు జవాబుగా అన్నారు?
2. రెండో పక్షం మాట కూడా రాశారా?
3. ఈ ఫొటో ఎప్పటిది? నిజంగా వాళ్ళదేనా?
4. తప్పు రాస్తే తర్వాత దిద్దుకున్నారా?

నిజం నిలకడ మీద తెలుస్తుందని పెద్దల మాట. కాస్త ఆగి చదివితే మనకూ తెలుస్తుంది.

చర్చించండి

మీ ఊళ్ళో సగం మాట వల్ల ఎప్పుడైనా గొడవ జరిగిందా? పూర్తి మాట ఎలా బయటపడింది?

ఈ వారం పేపర్లో ఒక గొడవ వార్త చదవండి. అందులో ఎవరి మాట ఉంది? ఎవరి మాట లేదు? నోటు పుస్తకంలో రాయండి.