నడక తూలితే, చూపు చెదిరితే – ఏమరకండి

"తాగి తూలుతున్నాడులే, తెల్లారితే సరిపోతుంది." ఇది మనం తరచు వినే మాట. కాని తాగని రోజు కూడా మనిషి తూలుతుంటే, కంటిగుడ్లు నిలకడ లేకుండా అటూ ఇటూ కదులుతుంటే, అది విటమిన్ బి1 (థయమిన్) లోపం కావచ్చు.

ఎందుకు ఇలా జరుగుతుంది?
మనం తిన్న పిండిపదార్థం నుండి మెదడు శక్తిని తీసుకోవాలంటే బి1 కావాలి. పొయ్యిలో కట్టెలున్నా నిప్పు లేకపోతే అన్నం ఉడకదు కదా! శరీరంలో ఈ విటమిన్ నిల్వ రెండు మూడు వారాలకే సరిపోతుంది. అది తరిగితే కంటి కదలికలను, నిలకడను చూసే మెదడు భాగాలు ముందుగా దెబ్బతింటాయి. 1881లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికి ఈ జబ్బును ముగ్గురు రోగుల్లో వర్ణించాడు. వారిలో ఇద్దరు మద్యపానం చేసే పురుషులు. మూడవ వ్యక్తి, వాంతులతో బాధపడిన ఒక స్త్రీ.

ఎవరికి ప్రమాదం?
1. సరిగా తినకుండా రోజూ మద్యం తాగేవారికి.
2. వేవిళ్ల వాంతులు వారాల తరబడి ఆగని గర్భిణులకు.
3. పథ్యం పేరుతో వట్టి తెల్లన్నమే తినే బాలింతలకు. తల్లిపాలలో బి1 తగ్గితే పసిబిడ్డకూ ముప్పే.

మన కంచంలో ఏముంది?
బి1 బియ్యపు తవుడులో ఉంటుంది. మరలో తెల్లగా పట్టిస్తే అది పోతుంది. మిగిలిన కొంత కడుగునీళ్లలో, వార్చిన గంజిలో పోతుంది. ఒకప్పుడు కోస్తా జిల్లాల్లో బెరిబెరి జబ్బు ఎక్కువగా ఉండేది. దానిపై సైనిక వైద్యుడు మాల్కమ్‌సన్ 1835లోనే మద్రాసులో పుస్తకం ప్రచురించాడు. కారణం మాత్రం చాలా కాలం తర్వాత తెలిసింది. అది బి1 లోపమే.

మన గుత్తి ప్రాంతంలో పెద్దలు రాగిసంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం తిన్నారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక తెల్లన్నం ప్రతి ఇంటికీ చేరింది. ఆకలి తీరింది, మంచిదే. కాని సంగటిని మానకండి. మన చేలో పండే వేరుశనగలో బి1 పుష్కలం. గుప్పెడు కాయలు, కందిపప్పు, పెసలు రోజూ తినండి. గంజిని పారబోయకండి.

వెంటనే ఏం చేయాలి?
తూలు నడక, కళ్లు అదరడం, ఒకటి రెండుగా కనబడటం, మాటల్లో తికమక – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే ఆస్పత్రికి రండి. అన్నీ కనిపించేదాకా ఆగవద్దు. వాంతులు ఎన్నాళ్లుగా ఉన్నాయో, తాగుడు ఉందో లేదో దాచకుండా చెప్పండి. ఊళ్లో వట్టి గ్లూకోజు సీసా ఎక్కించుకుని సరిపెట్టుకోవద్దు. అలాంటివారికి గ్లూకోజుకు ముందో, దానితోపాటో బి1 ఇంజెక్షన్ పడాలి. సకాలంలో ఇస్తే కళ్లు గంటల్లో, రోజుల్లో కుదుటపడతాయి. నడక నెమ్మదిగా వస్తుంది. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి మళ్లీ రాకపోవచ్చు.

తూలిన మనిషిని చూసి నవ్వకండి. చేయి పట్టుకుని తీసుకురండి.