మితభాషణం

మాట మానవునికి లభించిన గొప్ప వరం. అయితే అన్నాన్ని ఆకలిని బట్టి వడ్డించినట్లే, మాటను వినేవాని అవసరాన్ని బట్టి వడ్డించాలి. మన పెద్దలు రామాయణ కథను ‘కట్టె, కొట్టె, తెచ్చె’ అని మూడు మాటలలో ముగించారు. ఆ కథనే హరికథగా రాత్రి తెల్లవార్లూ విని ఆనందించినవారూ వారే. క్లుప్తతకు, విస్తరణకు వేర్వేరు తావులున్నాయి. ఆ తావు తప్పినప్పుడు నవ్వు పుడుతుంది.

పశ్చిమ గోదావరి జిల్లా పెనుగొండలో బస్సు దిగిన బాటసారి ఒకడు వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయానికి దారి అడిగాడనుకుందాం. ఎదురైన పెద్దమనిషి ముందుగా, “మీదే ఊరు బాబూ?” అంటాడు. ఆ ఊరిలో తన మేనత్త తోటికోడలి పుట్టింటివారున్నారని, వారింట పెళ్ళికి వెళ్తూ రేవులో పడవ తప్పిపోయిందని, నాటి బూరెల రుచి నేడు లేదని, అసలు ఆనాటి బెల్లమే వేరని చెప్పుకుపోతాడు. చివరకు, “ఇంతకీ మీరడిగిందేమిటి బాబూ?” అంటాడు. అప్పటికి గుడి తలుపులు మూసివేస్తారు. కొమ్మ నుండి కొమ్మకు దూకే ఈ ధోరణినే శాఖాచంక్రమణం అంటారు. ఆలయం సాయంత్రం మళ్ళీ తెరుస్తారు కనుక ఇక్కడ మనం హాయిగా నవ్వుకోగలం.

ఈ వాగ్ధోరణిని కళగా మలచినవారు పానుగంటి లక్ష్మీనరసింహారావు (1865–1940). ఆయన ‘సాక్షి’ వ్యాసాలలో జంఘాలశాస్త్రి ఉపన్యాసాలు వరదలా సాగుతాయి. ఒకే విషయాన్ని పలు విధాల తిప్పి చెప్పడం అక్కడ దోషం కాదు. సంఘంలోని లోపాలను ఎత్తిచూపే సాధనం.

ఇక క్లుప్తతలోని బలాన్ని చూద్దాం. పెనుగొండకు సమీపంలోని ఖండవల్లిలో 1867లో జన్మించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం, 1907లో రాజమహేంద్రవరంలో బిపిన్ చంద్రపాల్ ఆంగ్లోపన్యాసాలను తెలుగులోకి అనువదించారు. ఆ సందర్భంలోనే భారతదేశాన్ని పాడియావుగా, ప్రజలను ఏడ్చే లేగదూడలుగా, ఆంగ్లేయులను గడుసరి గొల్లలుగా చిత్రిస్తూ ఒక తేటగీతి చెప్పారు. పరపాలన స్వరూపమంతా నాలుగు పాదాలలో ఇమిడిపోయింది. ఉపన్యాసాలను మరచినా, ఆ పద్యాన్ని తెలుగువారు మరువలేదు.

మాట పొదుపు ప్రాణరక్షణ కూడా చేస్తుంది. పెనుగొండ మండలంలోని సిద్ధాంతం పక్కగా వశిష్ఠ గోదావరి ప్రవహిస్తుంది. వరదకాలంలో ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి, 13.75 అడుగులకు చేరితే రెండవ, 17.75 అడుగులకు చేరితే మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. ‘మూడవ ప్రమాద హెచ్చరిక’ అన్న మూడు మాటలు వినగానే లంకవాసులకు పరిస్థితి బోధపడుతుంది. అక్కడ నదీమహిమను వర్ణిస్తూ కూర్చుంటే, వర్ణన ముగిసేలోగా నీరు ఇంటి గడప దాటుతుంది.

అయితే మితభాషణమంటే ముక్తసరిగా మాట్లాడడం కాదు. సుందరకాండలో హనుమంతుడు ఇందుకు ఆదర్శం. గడువు దాటినందుకు ప్రాణాలు విడువ సిద్ధపడి, ఆపై అతని రాకకై ఎదురుచూస్తున్న వానరులకు, లంక నుండి రాగానే సీత కనబడిందన్న వార్తను ముందుగా, క్లుప్తంగా తెలిపాడు. వారి మనసులు కుదుటపడ్డాయి. జాంబవంతుడు అడిగిన తరువాతనే ప్రయాణవృత్తాంతమంతా వివరించాడు. వినేవాని ప్రాణం దేనికై కొట్టుకుంటున్నదో దానిని ముందు చెప్పాలి. తక్కినది అడిగినప్పుడు చెప్పాలి. ఇదే మితభాషణంలోని మర్మం. తన మాటకన్న ఎదుటివాని ఆతురతకు విలువనిచ్చేవాడే నిజమైన వక్త.

ప్రశ్నలు

1. శాఖాచంక్రమణం అంటే ఏమిటి? సోదాహరణంగా వివరించండి.
2. చిలకమర్తి పద్యం ప్రజల హృదయాలలో నిలిచిపోవడానికి కారణమేమి?
3. మితభాషణానికి, ముక్తసరి మాటకు గల భేదాన్ని హనుమంతుని ఉదంతం ఆధారంగా తెలపండి.