మీటింగు ఖర్చు అంచనా వేయడం ఎలా? మదనపల్లె, పుంగనూరు, కుప్పం లెక్కలు

విత్తనాల కంపెనీ డీలర్లను పిలిచినా, సిమెంటు కంపెనీ మేస్త్రీలకు శిక్షణ పెట్టినా హెడ్డాఫీసు నుంచి ‘తలకింత’ అని ఒకే రేటు వస్తుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ 42వ నంబరు జాతీయ రహదారి మీదే ఉన్నాయి. ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు వంద కిలోమీటర్లు. అయినా ఒకే రేటు మూడు ఊళ్లకూ సరిపోదు. తేడా వచ్చినప్పుడు ఆ లోటు పడేది స్థానికంగా తిరిగే ఉద్యోగి జేబు మీదే. అందుకే మొదటిసారి మీటింగు పెట్టేవాళ్లు ఈ వరుసలో లెక్క వేసుకోండి.

1. ముందు మనుషుల లెక్క

హాలు సంగతి తర్వాత. పిలిచేవాళ్ల జాబితాను మూడు గళ్లుగా రాయండి: ఆ పూటే ఇంటికి వెళ్లిపోయేవాళ్లు, దారిఖర్చు ఇవ్వాల్సినవాళ్లు, రాత్రికి ఉండేవాళ్లు. మూడో గడిలో ఒక్క పేరు పెరిగితే గది, రాత్రి భోజనం, మర్నాటి టిఫిన్ అన్నీ పెరుగుతాయి. ఖర్చు తగ్గించాలంటే ముందు చూడాల్సింది ఈ గడినే.

2. దాన్నిబట్టి ఊరు

మదనపల్లె: మూడింటిలో పెద్ద ఊరు. లాడ్జీలు, హాళ్లు ఎక్కువ కాబట్టి బేరానికి వీలుంటుంది. అయితే రైల్వే స్టేషను ఊళ్లో లేదు, సీటీఎం అనే పల్లె దగ్గరుంది. రైల్లో వచ్చేవాళ్లకు అక్కణ్నుంచి ఆటో ఖర్చు కలపాలి. రెండు రోజుల సమావేశమైతే హార్స్‌లీ హిల్స్ మీద పర్యాటక సంస్థ గదులున్నాయి. 1,265 మీటర్ల ఎత్తున చల్లగానే ఉంటుంది కానీ, అక్కడ అందరూ మూడో గడిలోకే వస్తారు. పైగా ఘాట్ రోడ్డుకు వాహనం మాట్లాడుకోవాలి.

పుంగనూరు: రైలు లేదు. చుట్టుపక్కల మండలాల వాళ్లు బస్సులోనో బైకు మీదో వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరతారు. ఒక్కపూట మీటింగుకు అనువైన ఊరు. రాత్రికి ఉండే నలుగురైదుగురికి మదనపల్లెలో గదులు తీసుకోవచ్చు.

కుప్పం: చెన్నై–బెంగళూరు రైలు మార్గం మీదుంది. బెంగళూరు నుంచి వచ్చే అధికారులు పొద్దున రైలెక్కి వచ్చి సాయంత్రం తిరిగి వెళ్లొచ్చు, గది ఖర్చు తప్పుతుంది. కారే కావాలంటే కిలోమీటరు రేటుతో పాటు టోలు, డ్రైవర్ బత్తా, పక్క రాష్ట్రం పర్మిట్ ఎవరు భరిస్తారో ముందే అడగండి.

3. తేదీకి పంచాంగం చూడండి

ఈ ఊళ్లలో చాలా మీటింగులు కల్యాణ మండపాల్లోనే జరుగుతాయి. మంచి ముహూర్తం రోజున హాలు దొరకదు, దొరికినా అద్దె దిగదు. ఆషాఢం, పుష్యం వంటి శూన్యమాసాల్లో మండపాలు ఖాళీగా ఉంటాయి, బేరమాడే సమయం అదే. కుప్పంలో తమిళ కుటుంబాలూ ఎక్కువే. వాళ్లు పెళ్లిళ్లు పెట్టుకోని ఆడి, మార్గళి నెలలు మన శూన్యమాసాలతో పూర్తిగా కలవవు కాబట్టి రెండు క్యాలెండర్లూ చూడండి. గంగమ్మ జాతర రోజుల్లో కుప్పం, పుంగనూరు వద్దు. మదనపల్లెలో టమోటా సీజను మంచి ఊపులో ఉంటే బయటి వ్యాపారులతో లాడ్జీలు నిండుతాయి. టమోటా రైతులను, వ్యాపారులను పిలిస్తే మార్కెట్లో వేలం ముగిశాక మధ్యాహ్నం పెట్టండి.

4. అద్దెలో ఏమేం కలిశాయి?

అద్దె తక్కువని సంబరపడకండి. కరెంటు, జనరేటర్ డీజిల్, కుర్చీలు, మైకు, ఊడ్చేవాళ్ల కూలి అందులో కలిసి ఉన్నాయో లేదో అడిగి రాయించుకోండి. కరెంటుకు విడిగా కట్టాలంటే, తాళం తీసినప్పుడే మేనేజరును పక్కన పెట్టుకుని మీటరు రీడింగు ఫోనులో ఫొటో తీయండి. ఖాళీ చేసేటప్పుడు మళ్లీ తీయండి. జనరేటరు ఎన్ని గంటలు నడిచిందో కూడా అలాగే రాసుకోండి.

5. భోజనం

పిలిచినవాళ్లందరూ రారు. ముందురోజు సాయంత్రం ఫోన్లు చేసి, వస్తామన్నవాళ్ల లెక్కే క్యాటరింగ్‌కు ఇవ్వండి. కనీసం ఎన్ని ప్లేట్లకు డబ్బు కట్టాలో, ఎక్కువైతే ప్లేటు ఎంతో ముందే తేల్చుకోండి. డ్రైవర్లను, మైకు సెట్టు కుర్రాళ్లను లెక్కలో మరవొద్దు.

6. జీఎస్టీ

హాలు అద్దెపై 18 శాతం. హాలు ఏ రాష్ట్రంలో ఉంటే పన్ను ఆ రాష్ట్రపు లెక్కలోకి వెళ్తుంది. మీ కంపెనీకి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ మాత్రమే ఉంటే, కుప్పం హాలుకు కట్టిన పన్నును సరైన బిల్లుతో ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. సరిహద్దు దాటి కృష్ణగిరిలోనో బంగారుపేటలోనో పెడితే ఆ క్రెడిట్ రాదు. రోజుకు రూ. 7,500 వరకు ఉన్న గదులపై 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే; ‘క్రెడిట్ లేదు’ అనే షరతు లాడ్జీవాళ్లకే, మీకు కాదు. భోజనాల మీద మాత్రం మామూలుగా క్రెడిట్ రాదు. ఆ పన్నును ఖర్చులోనే కలపండి.

7. చెల్లింపు

ఒకే రోజు ఒకరికి రూ. 10,000 దాటి నగదు ఇస్తే, ఆదాయపు పన్ను లెక్కలో దాన్ని ఖర్చుగా ఒప్పుకోరు. అడ్వాన్సుతో సహా బ్యాంకు ద్వారానే పంపి రసీదు తీసుకోండి.

మీటింగు అయిన రోజే అంచనా పక్కన అసలు ఖర్చు రాసి, ఊరు పేరు, తేదీ వేసి దాచండి. వచ్చేసారి ఆ ఊరికి అదే సరైన రేటు. హెడ్డాఫీసు మళ్లీ ‘తలకింత’ అంటే జంకకుండా ఆ కాగితం పంపండి. కంపెనీ పని కోసం ఏ ఉద్యోగీ సొంత డబ్బు పెట్టుకోకూడదు.